లాండ్రీ గోడల్లో ఉప్పు: పాత నౌకాదళ ఆసుపత్రి వెనక వరసను ఇళ్లుగా మార్చిన కేసు

ఇది ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఒక రేవు పట్టణంలో జరిగిన పని. పాత నౌకాదళ ఆసుపత్రి ఆవరణలో ప్రహరీని ఆనుకుని స్టోరు, లాండ్రీ, గుర్రపుశాల ఒకే వరసగా ఉన్నాయి. వాటిని అయిదు ఇళ్లుగా మార్చాలన్నది యజమాని ఉద్దేశం. చివరికి తయారైనవి నాలుగు. ఆ అయిదో ఇల్లు ఎందుకు వదులుకోవాల్సి వచ్చిందో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను. ఊరు, యజమాని, అంతకుముందు పనిచేసిన కాంట్రాక్టరు ఎవరో తెలియకుండా వివరాలు తీసేశాను, కొలతలు కూడా కాస్త గుండ్రం చేశాను.

కట్టడం, దాని పూర్వం

బ్రిటిష్ నౌకాదళం 18వ శతాబ్దంలో ఆసుపత్రులను నీటి ఒడ్డున కట్టింది. రోగులు పడవల మీద వచ్చేవాళ్లు కాబట్టి అలా కట్టక తప్పలేదు. గోస్‌పోర్టులోని హాస్లర్‌లో 1746లో పని మొదలై 1753లో తొలి రోగులు చేరారు. ప్లిమత్‌లో స్టోన్‌హౌస్ 1760లలో పూర్తయింది, గ్రేట్ యార్మత్‌లోది 1811లో. ఇవన్నీ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. స్టోన్‌హౌస్ 1995లో, హాస్లర్ 2009లో మూసేశారు. ఆ తర్వాత ఈ ఆవరణలు చాలావరకు నివాసాలయ్యాయి. వార్డులున్న పెద్ద భవనాల మార్పిడి ఒక రకం పని. వెనక ఉన్న కొట్లది పూర్తిగా వేరే రకం.

ఆ కొట్లు చిన్నవే కానీ ఆసుపత్రిలో నీళ్లు, ఆవిరి, సోడా, పేడ, బూడిద అన్నీ వాటిలోంచే నడిచాయి. ఓడ జ్వరం, అంటే టైఫస్, రోగుల బట్టల్లోనూ పరుపుల్లోనూ అంటుకుని వస్తుందని జేమ్స్ లిండ్ లాంటివాళ్లు గట్టిగా నమ్మేవాళ్లు. ఆయన 1758 నుంచి హాస్లర్‌లో ప్రధాన వైద్యుడు. అది పేను వల్ల వస్తుందని షార్ల్ నికోల్ తేల్చింది 1909లో. కారణం తెలియకపోయినా ఉతుకు మాత్రం మొదటినుంచీ భారీగానే సాగింది. అన్ని దశాబ్దాల ఉతుకునీళ్లు గోడల పాదాల్లో ఇంకాయి.

మా వరస పొడవు సుమారు 30 మీటర్లు, లోతు ఆరున్నర. మొత్తం తొమ్మిది అంకణాలు. మొదటి రెండూ స్టోర్లు. 3 నుంచి 5 వరకు లాండ్రీ, అందులో మూడో అంకణంలో ఇటుకల గూళ్లలో కూర్చోబెట్టిన రాగి కాగుల ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. 6, 7 బట్టల గదులు. 8, 9 గుర్రపుశాల. లాండ్రీ మీద, బట్టల గదుల మీద కలిపి ఒకటే పొడవాటి ఆరబెట్టే అటక, గాలి ఆడేందుకు వాలు చెక్కల కిటికీలతో. ముందు గోడ 450 మి.మీ. మెత్తటి ఇటుక. వెనక గోడ 600 మి.మీ. సున్నపురాయి బండకట్టు, నిజానికి అది ఆసుపత్రి ప్రహరీయే. నావికుల్లో చాలామందిని బలవంతంగా పట్టుకొచ్చి ఓడ ఎక్కించేవాళ్లు కాబట్టి, కోలుకున్నవాళ్లు పారిపోకుండా ఈ ఆసుపత్రుల చుట్టూ ఎత్తుగా గోడ కట్టేవాళ్లు. అందుకే వెనక గోడకు ఒక్క కిటికీ కూడా లేదు.

చట్టపరంగా ఈ వరసకు విడిగా రక్షిత హోదా లేదు. కానీ 1948 జులై 1కి ముందునుంచీ రక్షిత భవనపు ఆవరణలో ఉన్న కట్టడం 1990 నాటి రక్షిత భవనాల చట్టం ప్రకారం ఆ భవనంలో భాగమే. కాబట్టి దాని ప్రత్యేకతను తాకే ప్రతి మార్పుకూ అనుమతి తీసుకోవాలి. ప్రహరీలో కిటికీలు తెరవడానికి సంరక్షణ అధికారి ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం సరైనదే. ఆ గోడ గుడ్డిగా ఉండటమే దాని చరిత్ర.

మా చేతికి వచ్చేసరికి

యజమాని ఒక చిన్న డెవలపరు. నమూనా ఇల్లుగా 3, 4 అంకణాలు అప్పటికే పూర్తి చేయించాడు. ముందు గోడలో పాదం దగ్గర 12 మి.మీ. రంధ్రాలు వరసగా వేసి, నేల చెమ్మ పైకి ఎక్కకుండా సిలికోన్ క్రీము ఎక్కించారు. లోపల 1.2 మీటర్ల ఎత్తు వరకు నీటినిరోధకం కలిపిన సిమెంటు పూత వేశారు. దాని మీద ఇన్సులేషనుకు, అంటే చలి ఆపడానికి, 70 మి.మీ. రేకు తొడుగున్న ఫోమ్ బోర్డులు, వాటి మీద జిప్సం. నేలలో 1970ల నాటి కాంక్రీటును కదిలించలేదు.

మొదటి చలికాలం ముగియకముందే సరిగ్గా 1.2 మీటర్ల దగ్గర, సిమెంటు పూత ఆగిన చోట, గోడ పొడుగునా గోధుమరంగు చార పడింది. బోర్డుల వెనక బూజు వాసన. పై అంతస్తు దూలాల కొనలు వెనక గోడలో దిగిన చోట చెక్కలో తేమ 24 నుంచి 28 శాతం దాకా ఉంది. 20 శాతం దాటితే కుళ్లుకు దారి తెరిచినట్టే. క్రీము ఎక్కించిన ఇంజెక్షను కంపెనీ మళ్లీ వచ్చి, ఇంకో వరస రంధ్రాలు వేస్తే సరిపోతుందంది. యజమాని పని ఆపించి మమ్మల్ని పిలిచాడు.

మేం మొదట అడిగింది ఒక్కటే: మిగతా ఏడు అంకణాల్లో ఎవరూ ఏమీ ముట్టుకోకూడదని. నమూనా ఇంట్లో తప్పు ఎక్కడుందో తేలాలంటే, ముట్టుకోని గోడ పోల్చి చూసుకోవడానికి పక్కనే ఉండాలి.

తడి ఎంత, ఉప్పు ఎంత

రెండు సూదులున్న తేమ మీటరు చెక్కకు పనికొస్తుంది. ఉప్పు పట్టిన ఇటుకకు పనికిరాదు. అది కొలిచేది విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందని మాత్రమే, ఉప్పున్న చోట కాస్త తేమకే ఎర్రదీపం వెలుగుతుంది. ఇంజెక్షను కంపెనీ నివేదిక మొత్తం అలాంటి అంకెల మీదే నిలబడింది.

అందుకని గోడల్లోంచి పొడి తీశాం. పెద్ద డ్రిల్లు బిట్టును మెల్లగా తిప్పాలి, వేడెక్కితే నమూనాలో ఉన్న నీళ్లు అక్కడే ఆరిపోతాయి. పైన 10 మి.మీ. పొడి పారేసి, లోపలిదే మూత బిగించిన సీసాలోకి పట్టాలి. నేల దగ్గరినుంచి పైకి 300 మి.మీ.కి ఒకటి చొప్పున తీసుకోవాలి. ముందు తడి బరువు తూచి, తర్వాత 75 శాతం తేమ ఉండే డబ్బాలో బరువు నిలకడ అయ్యేదాకా ఉంచి మళ్లీ తూచాలి. అడుగున ఉప్పు పేరుకుని కనిపించేంత చిక్కటి ఉప్పునీళ్ల గిన్నె పెడితే డబ్బాలో ఆ తేమ దానంతటదే నిలుస్తుంది. చివర్న 100 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెట్టి మూడోసారి తూచాలి. దీంతో రెండు అంకెలు వస్తాయి: గోడలో ఇప్పుడు ఉన్న తేమ, గాలిలోంచే ఆ గోడ పీల్చుకోగల తేమ. రెండూ దగ్గరగా ఉంటే తప్పు ఉప్పుది. మొదటిది చాలా ఎక్కువగా ఉంటే నీళ్లు ఎక్కడినుంచో నిజంగానే వస్తున్నాయి.

మూడు చోట్ల మూడు కథలు తేలాయి. ఒకటో అంకణం ముందు గోడ పాదంలో తేమ 11 శాతం, పీల్చుకోగలది 2, అంటే అసలైన నీళ్లు. నాలుగో అంకణంలో పాదం దగ్గర 14, 6. మీటరు పైన మాత్రం రెండూ 6. అంటే కింద నీళ్లు, పైన వాటితో ఎక్కి నిలిచిపోయిన ఉప్పు. ఎనిమిదో అంకణం, గుర్రపుశాలలో, రొమ్ము ఎత్తు వరకు రెండు అంకెలూ 8 చుట్టూనే. అక్కడ కొత్త నీళ్లు లేవు, గోడ గాలిలోంచే తాగుతోంది. ఉప్పు రకం చూపే పట్టీలతో పరీక్షిస్తే లాండ్రీలో సల్ఫేట్లు, క్లోరైడ్లు ఉన్నాయి. గుర్రపుశాలలో నైట్రేట్లు పట్టీ కొలతను దాటిపోయాయి. అది గుర్రాల మూత్రం నుంచి వచ్చింది.

ఒకే వరస, ఒకే కాలం నాటి కట్టు, చూడ్డానికి ఒకే మచ్చ. అయినా మూడు జబ్బులు. అన్నిటికీ ఒకటే మందు రాసిన చోటే మొదటి పథకం తప్పింది.

తూము

నాలుగో అంకణం పాదంలో 14 శాతం నేల చెమ్మతోనే వచ్చేంత అంకె కాదు. అక్కడ నీళ్లకు ఏదో దారి ఉండాలి. ముందు చూరు నుంచి దిగే ఇనప గొట్టం అడుగున చూస్తే కొత్త మురుగు కాలువకు కలిపిన గుర్తులు లేవు. గొట్టం నేరుగా నేలలోకి పోయింది. అందులో డ్రెయినేజీ పనివాళ్లు వాడే ఆకుపచ్చ రంగు పొడి కలిపిన నీళ్లు పోశాం. గంట తిరక్కముందే నాలుగో అంకణంలో కాంక్రీటు నేలకూ గోడకూ మధ్య ఉన్న వెంట్రుకంత సందులో, మిలమిలలాడే పచ్చటి గీత మూరెడు పొడుగున తేలింది. కెమెరా దింపితే అడుగు వెడల్పున్న ఇటుక తూము కనబడింది, పైన కమాను, అడుగున మూడొంతులు ఒండ్రు. లాండ్రీ ఉతుకునీళ్లు బయటికి పంపిన తూము అది. 1970లలో దాని మీదుగానే పాలిథీన్ పరిచి కాంక్రీటు పోశారు. పైకప్పు నీళ్లు మాత్రం అప్పటినుంచీ అందులోకే దిగుతున్నాయి. ఇంజెక్షను రంధ్రాలు ఆ నీటి మట్టానికి జానెడు పైన ఉన్నాయి.

పాత లాండ్రీ, వంటశాల, స్నానాల గది కనబడితే ఆ నేల కింద తూము ఉందనే అనుకుని పని మొదలుపెట్టాలి. లేదని తేలేదాకా ఉన్నట్టే.

ఫలించనివి, ఎందుకు ఫలించలేదు

ఇంజెక్షను సంగతి ముందు చెప్తాను. ఇటుక గోడలో సున్నపు దరజు, అంటే ఇటుకల మధ్య అతుకు, నిండుగా ఉంటే క్రీము అంతో ఇంతో పాకుతుంది. వెనక బండకట్టు గోడ లోపల బొంత రాళ్లు, వదులు సున్నం, ఖాళీలు ఉంటాయి. అక్కడ వేసినా క్రీము ఎటు జారితే అటు పోతుంది, ఎడతెగని పొర ఏర్పడదు. పైగా పూత ఆగిన చోట చార పడిందంటే చెమ్మ ఆగలేదనీ, సిమెంటు వెనక ఎగబాకి ఊపిరి దొరికిన చోట బయటపడిందనీ అర్థం.

ఫోమ్ బోర్డు కాగితం మీద అందంగా కనిపిస్తుంది. 450 మి.మీ. ఇటుక గోడకు ఉష్ణం పోయే రేటు, అంటే యూ-విలువ, దాదాపు 1.4. 70 మి.మీ. బోర్డు దాన్ని 0.26కు దించుతుంది, భవన నిబంధన కోరే 0.30 కంటే మెరుగు (ఈ అంకె ఎంత తగ్గితే అంత మంచిది). కానీ గది వేడి గోడకు అందడం ఆగిపోయి గోడ చలికాలమంతా చల్లగా, తడిగా ఉండిపోతుంది. రేకు వల్ల లోపలివైపు ఆరదు. బయటా సిమెంటు పూత ఉండటం వల్ల అటూ ఆరదు. బోర్డుకు, గోడకు మధ్య సందులో దూలాల కొనలు ఉన్నాయి. అవి కుళ్లడం తప్ప ఇంకేం జరుగుతుంది?

మేం ప్రయత్నించినవాటిలోనూ రెండు నిలవలేదు. బోర్డులు, పూత తీశాక యజమానికి తొందర. ఆ మాటలో న్యాయం ఉంది, నెలనెలా వడ్డీ కడుతున్నాడు. హీటర్లు, తేమ లాగే యంత్రాలు పెట్టి నాలుగో అంకణాన్ని త్వరగా ఆరబెట్టి చూద్దామనుకున్నాం. గాలి తేమ 35 శాతానికి దిగింది. గోడ ఆరే బదులు ఇటుక ముఖం పొడిపొడిగా రాలడం మొదలైంది. మెల్లగా ఆరితే నీళ్లు ముఖం దాకా వచ్చి అక్కడ ఆవిరవుతాయి, ఉప్పు పైన తెల్లటి నూగులా పూస్తుంది, బ్రష్షుతో దులిపితే పోతుంది. బలవంతంగా ఆరబెడితే ఆవిరయ్యే చోటు ముఖానికి లోపలికి జరుగుతుంది, ఉప్పు అక్కడ గడ్డకట్టి ముఖాన్ని నెట్టేస్తుంది. యంత్రాలు ఆపించి తలుపులు, వాలు చెక్కల కిటికీలు తెరిచాం. పాత మేస్త్రీల లెక్క ఇక్కడ నిజమే: ఒక వైపు నుంచి ఆరే గోడకు అంగుళానికి నెల. 450 మి.మీ. గోడకు ఏడాదిన్నర, రెండు వైపులా ఆరనిస్తే అందులో సగం.

రెండోది ఉప్పు లాగే పట్టు. కయోలిన్ మట్టి, సన్న ఇసుక, కాగితపు గుజ్జు కలిపి 20 మి.మీ. మందాన మెత్తి, ఆరాక ఊడదీశాం. గోడ పైపొరలో క్లోరైడు సగానికి తగ్గింది. కొన్ని వారాలకే లోపలి ఉప్పు వచ్చి ఆ చోటు నింపింది. శిల్పానికో, చెక్కిన రాతి ద్వారబంధానికో ఈ పద్ధతి విలువైనదే. లోపల 450 మి.మీ. నిల్వ ఉన్న గోడకు మాత్రం చెల్లదు.

ఫలించినది, ఆ వరసలోనే

ఇక్కడ ఏం చేశామన్నది ఎంత ముఖ్యమో ఏ వరసలో చేశామన్నదీ అంతే ముఖ్యం. ముందు నీళ్లు, తర్వాత నేల మట్టం, తర్వాత సిమెంటు తొలగింపు, ఆరడానికి వ్యవధి, ఆపైన లోపలి నేల, పూత. ఇన్సులేషను చిట్టచివర.

చూరు గొట్టాలన్నీ కొత్త వాననీటి కాలువకు మళ్లించాం. తూమును పగలగొట్టలేదు, అది రక్షిత కట్టడంలో భాగం. ఒండ్రు కడిగి, రెండు కొసలా సున్నపు ఇటుకతో మూసి, ఒక కొసన తెరిచి చూసే మూత పెట్టాం. వెనక ప్రహరీ తలకట్టు దరజులు తెరుచుకుపోయి ఉన్నాయి, వాటిని నింపాం. సీసపు తొట్టికాలువ అతుకులు మార్చాం. దూలాల కొనలను తడిపింది ఈ రెండే.

బయట తారు వేసీ వేసీ నేల లోపలి మట్టం కంటే 300 మి.మీ. పైకి వచ్చింది. దాన్ని లోపలి నేలకు 150 మి.మీ. దిగువకు దించాం. గోడ పక్కనే కంకర కాలువ తవ్వేముందు పరీక్ష గుంట తీసి పునాది ఎక్కడ ఆగిందో చూడాలి. ఇక్కడ అది దించిన మట్టానికి 450 మి.మీ. లోతులోనే ఆగింది. అందుకని కాలువ అడుగు పునాది అడుక్కి 150 మి.మీ. పైనే ఉంచాం. వెడల్పు 300 మి.మీ., చుట్టూ మట్టి చొరబడని గుడ్డ, లోపల 20 మి.మీ. కడిగిన కంకర, అడుగున 100 మి.మీ. చిల్లుల గొట్టం, నూటికి ఒకటి వాలు. చెమ్మ పోతుందని లోతుగా తవ్వి పునాదిని బయటపెట్టిన పనులు కూలిన గోడలయ్యాయి.

సిమెంటు పూతను చేత్తో ఉలితోనే తీయించాం. ఇటుక ముఖం కూడా ఊడి వస్తున్న రెండు చోట్ల తీయడం ఆపి, ఆ ముక్కలను అలాగే వదిలేశాం. అవి వదులైనప్పుడు వాటంతటవే వస్తాయి. ముందు గోడ దరజులకు నానబెట్టిన సున్నం ఒక పాలు, గరుకు ఇసుక మూడు పాళ్లు. సముద్రపు గాలి కొట్టే ప్రహరీకి మాత్రం నీటిలోనూ గట్టిపడే సున్నం, 3.5 రకం, ఒకటికి రెండున్నర. సంచి మీది అంకెను గుడ్డిగా నమ్మకండి. యూరోపియన్ ప్రమాణం ప్రకారం 28 రోజులకు 2 రకం బలం 2 నుంచి 7 మెగాపాస్కల్, 3.5 రకం 3.5 నుంచి 10. అంటే ఒక కంపెనీ 2 రకం ఇంకో కంపెనీ 3.5 రకం కంటే గట్టిగా ఉండొచ్చు. మెత్తటి ఇటుకకు తయారీదారు పరీక్ష పత్రం అడిగి తీసుకోవాలి. 5 డిగ్రీల కంటే చలి పడే రోజుల్లో సున్నం పని పెట్టుకోకూడదు. వేసినదాన్ని తడి గోనెపట్టాతో కప్పి మెల్లగా ఆరనివ్వాలి.

లోపలి కాంక్రీటు, పాలిథీన్ రెండూ తీసేశాం. పాలిథీన్ నేల చెమ్మను ఆపలేదు, పక్క గోడల్లోకి తోసింది. దాని స్థానంలో గుడ్డ పరిచి 200 మి.మీ. నురగ గాజు కంకర దిమ్మిస చేశాం. మళ్లీ గుడ్డ, పైన 100 మి.మీ. సున్నపు కాంక్రీటు, అందులో వేడినీళ్ల గొట్టాలు, ఆ పైన పాత బండలే సున్నంలో. పాలిథీన్ లేకపోతే చెమ్మ రాదా అని యజమాని అడిగాడు. గాజు కంకర ముక్కల మధ్య సందులు పెద్దవి, నీళ్లు ఎగబాకడానికి సన్నటి దారి కావాలి, అది అక్కడ ఉండదు. ఈ పద్ధతి పెట్టుకునేముందు ఆ ప్రాంతంలో రేడాన్, అంటే నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు, మ్యాపు చూడాలి. అది ఉన్న చోట నేలకు వేరే ఏర్పాటు కావాలి. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు.

ఇన్సులేషను ఆరిన గోడలకే వేశాం. పై అంతస్తు ముందు గోడకూ, 6, 7 అంకణాలకూ 40 మి.మీ. చెక్కపీచు బోర్డు, గోడకు సున్నపు పూతతో పూర్తిగా అంటుకునేలా, వెనక ఒక్క ఖాళీ కూడా లేకుండా. యూ-విలువ 0.6 దగ్గర ఆగింది. నిబంధన అంకె అందలేదు నిజమే. రక్షిత కట్టడానికి హాని కలిగించేచోట, గోడలో తేమ నిలిచే ప్రమాదం ఉన్నచోట ఆ అంకె పట్టుకుని వేలాడనక్కర్లేదని నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది. తేమ లెక్కలు జతచేసి భవన తనిఖీ అధికారిని ఒప్పించాం. కొరతను పైకప్పులో మందంగా వేసి, కిటికీలకు లోపల రెండో అద్దం పెట్టి పూడ్చాం. కుళ్లిన దూలాల కొనలు కోసి కొత్త చెక్క బోల్టులతో అతికాం. కొన చుట్టూ వేలెడు గాలి సందు, అడుగున తేమ ఆపే పలక పెట్టాం.

నాలుగో అంకణం గోడకు ఉప్పును తనలోకి తీసుకునే సున్నపు పూత వేశాం, రంధ్రాలు ఎక్కువుండే గుల్ల ఇసుకతో, 25 మి.మీ. మందాన, పైన సున్నమే. 1.2 మీటర్ల ఎత్తులో కావాలనే అడ్డంగా ఒక గీత వదిలాం. ఉప్పు నిండాక కింది భాగం మాత్రమే ఊడదీసి మళ్లీ పూయొచ్చు.

అయిదో ఇల్లు

గుర్రపుశాల గోడలో నైట్రేట్లు ఉన్నాయని చెప్పాను. కాల్షియం, మెగ్నీషియం నైట్రేట్లు గాలి తేమ 50 నుంచి 55 శాతం మధ్య దాటగానే నీళ్లు పీల్చి కరుగుతాయి, దిగగానే గడ్డకడతాయి. మామూలు ఉప్పుకు ఈ గీత 75 దగ్గర ఉంటుంది. మనుషులుండే ఇంట్లో తేమ తిరిగేది 40కీ 65కీ మధ్యే. అంటే వంట చేసినప్పుడు, స్నానం చేసినప్పుడు, ఎండాకాలం కిటికీ తెరిచినప్పుడు, చలికాలం హీటరు వేసినప్పుడు ఆ గోడలో ఉప్పు కరిగి మళ్లీ గడ్డకడుతూనే ఉంటుంది. మామూలు ఉప్పున్న గది పొడిగా ఉంటే బతికిపోతుంది, నైట్రేటు గోడ మనిషి ఊపిరికే చెమరుస్తుంది. పూత మార్చినా, విడిగా చెక్క గోడ నిలబెట్టి దాచినా, దాని వెనక అదే జరుగుతుంది.

అందుకని 8, 9 అంకణాలను ఇల్లు చేయొద్దని చెప్పాం. సైకిళ్లు, చెత్తడబ్బాలు, హీట్ పంపు పరికరాలకు ఉమ్మడి గదిగా పెట్టమన్నాం. వేడి చేయం, పూత వేయం, తలుపులకు సందులుంటాయి, గోడ తన ఇష్టం వచ్చినట్టు తడిసి ఆరుతుంది. యజమానికి ఇది పెద్ద నష్టం. మేం ఆయన ముందు పెట్టిన లెక్క ఇది: ఆ ఇల్లు అమ్మితే వచ్చేది ఒకవైపు, ఏటా ఆగస్టులో చెమర్చే గోడకు కొన్నవాళ్లు తెచ్చే ఫిర్యాదులు, మరమ్మతులు, మిగతా నాలుగు ఇళ్లకూ పాకే చెడ్డపేరు ఇంకోవైపు. పైగా చెత్తడబ్బాలకు, సైకిళ్లకు ముందు పెరట్లో షెడ్లు కట్టడానికి అనుమతి ఎలాగూ దొరకలేదు. ఆయన చాలా ఆలోచించి ఒప్పుకున్నాడు. సవరించిన దరఖాస్తుకు అధికారుల నుంచి అడ్డంకి రాలేదు.

మిగతావి, క్లుప్తంగా

వెనక గోడ గుడ్డిది కాబట్టి వెలుతురు, గాలి ఒకే వైపు నుంచి రావాలి. ఆరబెట్టే అటక ఇక్కడ ఆదుకుంది. వాలు చెక్కలు బయట అలాగే ఉంచి, లోపల తెరుచుకునే అద్దాలు పెట్టాం. మెట్ల మీద కప్పు దాకా ఖాళీ వదిలాం. వేడిగాలి పైకెక్కి అటక కిటికీల్లోంచి పోతుంది. స్నానాల గదుల ఆవిరి గొట్టాలకు రక్షిత గోడలో కొత్త కన్నాలు వేయకుండా, కాగుల పొగగొట్టాల్లోంచే పైకి నడిపాం. వాలు చెక్కల పాత రంగులో సీసం, బాయిలరు గొట్టాల చుట్టూ ఆస్బెస్టాస్ ఉన్నాయి. వాటిని కనిపెట్టే సర్వే ముందే చేయించాలి, పని మధ్యలో బయటపడితే అంతా ఆగుతుంది.

ఇళ్ల మధ్య శబ్దానికి మార్పిడి భవనాల్లో కనీసం 43 డెసిబెల్స్ అడ్డు కావాలి. గోడలు సరిపోయాయి కానీ అటక దూలాలు ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి నిరంతరాయంగా పోయాయి, శబ్దం వాటి వెంట నడిచింది. దూలాలు కోయకుండా, రెండు వైపులా వాటికి తగలని విడి చట్రాలు నిలబెట్టి సరిచేశాం.

అటకలో గబ్బిలాలున్నాయి. మే నుంచి సెప్టెంబరు మధ్య సాయంత్రాల సర్వే, లైసెన్సు, ఆపైనే పైకప్పు ముట్టుకోవాలి. ఈ కాలం తప్పితే ఏడాది పోతుంది. గుర్రపుశాల మీది కప్పును వాటికే వదిలాం. అక్కడ స్లేటు పలకల కింద ఊపిరాడే మామూలు కొత్త రకం షీటు వేయకూడదు, దాని పీచులో గబ్బిలాల గోళ్లు చిక్కుకుని చస్తాయి. మేం పాతకాలపు తారు ఫెల్టే వేశాం.

మన దగ్గర చదివేవాళ్లకు

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు సున్నపు గోడల పాత గోదాములను, బంగళాలను హోటళ్లుగానో ఇళ్లుగానో మార్చేవాళ్లు ఈ కేసులోని ఇన్సులేషను అంకెలు తీసుకోకండి. మనకు ఏసీ వేసిన గదిలోకి బయటినుంచి తేమ వస్తుంది, ఈ కేసుకు పూర్తిగా తిరగబడిన పరిస్థితి. నమూనా తూచే పద్ధతి, ఉప్పు పట్టీలు, పని వరస మాత్రం ఎక్కడైనా చెల్లుతాయి. చౌడు పట్టిన గోడకు సిమెంటు పూత, పైన ఎమల్షన్ వేసి రెండేళ్లకోసారి పెచ్చులు ఎత్తిపోయే ఖర్చు కంటే, నాలుగు సీసాల పొడి తూయించడం చాలా చవక.

ఇప్పటి స్థితి

బోర్డుల వెనక అమర్చిన తేమ పరికరాలు ఒక చలికాలం దాటాక కూడా 80 శాతం లోపే చూపిస్తున్నాయి. దూలాల కొనలు 15, 16 శాతానికి దిగాయి, ఒక్కటి తప్ప. అయిదో అంకణంలో వెనక గోడలో దిగిన ఆ దూలం 20 దగ్గరే ఆగింది. ప్రహరీ తలకట్టులో అక్కడ ఒక రాయి పగులు ఉండొచ్చని అనుమానం, నిచ్చెనకట్టు వేసి చూడాలి. నాలుగో అంకణం పూత మీద మొదటి ఏడాది తెల్లటి నూగు బాగానే వచ్చింది. తడిగుడ్డ పెట్టొద్దనీ, పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తి బయట పారేయమనీ ఆ ఇంటివాళ్లకు చూపించాం. తడిపితే ఆ ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది.

నిర్వహణ సంఘం ఒప్పందంలో మూడు షరతులు రాయించాం: తొట్టికాలువలు ఆకులు రాలే కాలానికి ముందూ తర్వాతా శుభ్రం చేయించాలి, గోడలకు జిప్సం పూతగానీ ప్లాస్టిక్ రంగుగానీ వేయకూడదు, గోడ పక్క కంకర కాలువ మీద మట్టి పోసి మొక్కలు పెంచకూడదు. మూడోదాన్ని అప్పుడే ఒకరు మీరారు. లావెండరు కుండీలకు అడుగున ఇటుకలు పెట్టి ఎత్తించాం.